కోల్చిసిన్ కణాన్ని ఆపాలిగా, మరి 32 క్రోమోజోములు ఎక్కడివి?

వేరుకొన_ఓయూ:
ఓయూ ఎమ్మెస్సీ ప్రాక్టికల్లో వచ్చిన సందేహం. మెహదీపట్నం రైతుబజారు ఉల్లి. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోముల్ని లాగే పోగుల్ని రానీయని మందు కోల్చిసిన్. దాని 0.05 శాతం ద్రావణంలో 3 గంటలు ఉంచిన వేర్లలో 16 క్రోమోజోములు ఎక్స్ ఆకారంలో చక్కగా పరుచుకున్నాయి. రాత్రంతా ఉంచిన వేర్లలో కొన్ని కణాల్లో 32 లెక్కకొస్తున్నాయి. కైనెటోకోర్‌కి (క్రోమోజోము మీద పోగు పట్టుకునే చోటు) పోగు తగులుకోకపోతే చెక్‌పాయింట్ (కణం లోపలి తనిఖీ) అనాఫేజ్‌ను (జతలు విడిపోయే దశ) ఆపుతుందనే కదా పాఠం? ఇక్కడ ఒక్క పోగూ లేదు, మరి ఎలా దాటాయి? ఇంకోటి, ఒకే ఒక్క క్రోమోజోము తగులుకోకపోతే మిగతావన్నీ ఎందుకు ఆగాలి?

కండెపోగు:
ముందు ఆ 32 ఎలా ఉన్నాయో చూడండి. ఎక్స్‌లా ఉన్నాయా, కడ్డీల్లా ఉన్నాయా? పక్కపక్కన పెట్టిన అగ్గిపుల్లల్లా జతజతలుగా ఉంటే అది ఇంకా రెట్టింపైన సెట్ కాదు. 16 క్రోమోజోముల సోదరి క్రోమాటిడ్‌లే (ఒక్కో ఎక్స్‌లోని ఒకేలాంటి రెండు సగాలు) అతుకు తెగి, ఉన్నచోటే పడి ఉన్నాయి. కాడి విప్పినా కదలని ఎడ్ల జతల్లాగా. లాగే పోగుల్లేవు కదా. ఆల్బర్ట్ లెవాన్ 1938లో ఉల్లి వేరులోనే దీన్ని వర్ణించాడు, సీ-మైటోసిస్ అన్నది అదే. మనిషికి 46 అని 1956లో తేల్చిన ఇద్దరిలో కూడా ఈయన ఉన్నాడు. ఆ కడ్డీలన్నీ ఒకే కేంద్రకంలోకి చేరి, డీఎన్‌ఏ మళ్లీ రెట్టింపై, మళ్లీ మెటాఫేజ్‌కి (విడిపోయే ముందు దశ) వస్తేనే 32 ఎక్స్‌లు కనిపిస్తాయి. 23 డిగ్రీల దగ్గర ఉల్లి వేరులో ఒక కణ చక్రానికి (ఒక విభజన నుంచి మరోదానికి) 17 గంటల పైనే పడుతుంది, కాబట్టి ఒక్క రాత్రికి 32 ఎక్స్‌లు రావు.

ఎలా దాటాయంటారా? జారిపోయాయి. తగులుకోని కైనెటోకోర్ దగ్గర ఎంపీఎస్1 కైనేజ్ (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) మొదలుపెడితే బబ్1, మ్యాడ్1 అనే ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి. అక్కడ మ్యాడ్2 ఆకారం మార్చుకుని సీడీసీ20ని పట్టుకుంటుంది. బబ్‌ఆర్1, బబ్3 తోడై ఏపీసీ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. అడ్డు లేకుంటే ఏపీసీ ఒకేసారి రెండింటికి నాశనపు ముద్ర వేస్తుంది: సెక్యూరిన్, సైక్లిన్ బి. సెక్యూరిన్ పోతే సెపరేజ్ అనే ఎంజైము వదులై, క్రోమాటిడ్‌లను కట్టి ఉంచే కోహెసిన్ ఉంగరాన్ని కోస్తుంది. సైక్లిన్ బి పోతే కణం మైటోసిస్ నుంచి బయటపడుతుంది. అయితే ఆ అడ్డు నూటికి నూరుపాళ్లు బిగుతు కాదు. జంతు కణాల్లో కొలిచి చూస్తే, చెక్‌పాయింట్ పనిచేస్తూనే ఉన్నా సైక్లిన్ బి మెల్లగా కారిపోతూ ఉంటుంది. గంటలు గడిచాక ఒక మట్టం కిందికి దిగితే కణం దాటేస్తుంది. మీ వేర్లలోనూ ఇలాంటిదే కావచ్చు.

రెండో ప్రశ్న. ఆ అడ్డు సముదాయం కైనెటోకోర్ దగ్గరే ఉండిపోదు, కణమంతా వ్యాపిస్తుంది, అందుకే ఒక్కటి చాలు. 1995లో తగులుకోని చివరి కైనెటోకోర్‌ని లేజర్‌తో కాల్చేస్తే, ఆ క్రోమోజోము ఇంకా ఒకవైపే తగులుకుని ఉన్నా సుమారు 20 నిమిషాల్లో అనాఫేజ్ మొదలైంది.

నూక్లియోలస్:
స్లైడ్ సంగతి కూడా తేల్చుకోండి. 32లో అన్నీ ఎక్స్‌లే అయితే మొదటి అనుమానం జలవిశ్లేషణ (వేరును ఆమ్లంలో మెత్తబరచడం) మీదే. 1 ఎన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర మరీ ఎక్కువసేపు ఉంచితే కణాలు పట్టు వదిలి, నొక్కినప్పుడు పక్కపక్క కణాల్లోని రెండు 16లు కలిసిపోతాయి. గుంపుకి మధ్యలో సన్నని ఖాళీ, రెండువైపులా రంగు చిక్కదనంలో తేడా కనిపిస్తే లెక్కలోంచి తీసేయండి.

మనవాళ్లు మే నెలలో తరచుగా పట్టించుకోనిది నీళ్ల వేడి. గాజు కప్పు కిటికీ దగ్గర పెడితే వేర్లు గోధుమరంగుకి తిరిగి చచ్చిపోతాయి, మైటోసిస్ ఉండదు. 25 డిగ్రీలు దాటనీయకండి, నీళ్లు రోజూ మార్చండి. ఎండిన పాత వేర్లు గీకేయండి, అడుగున బిళ్లకి మాత్రం గాటు పడనీయొద్దు. కోల్చిసిన్ విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

వేరుకొన_ఓయూ:
నిజమేనండి, కడ్డీలే! చాలావరకు జతలుగానే ఉన్నాయి. రక్తం కల్చర్‌కి కాల్సెమిడ్ (కోల్చిసిన్ లాంటి మందే) మైక్రోగ్రాముల్లో వేస్తారు కదా, ఉల్లికి ఇంత ఎందుకు?

కండెపోగు:
మొక్కల ట్యుబ్యులిన్ (పోగుల్ని కట్టే ప్రోటీన్) కోల్చిసిన్‌ని బలహీనంగా పట్టుకుంటుంది. మీ 0.05 శాతం అంటే సుమారు 1.25 మిల్లీమోలార్. రక్తం కల్చర్‌లో మిల్లీలీటరుకి 0.1 మైక్రోగ్రాము, అదీ చివరి గంటలోనే. తేడా వేల రెట్లు.

మధ్యస్థదశ:
ఒక్క సవరణ. పోగు తగులుకుంటే సరిపోదు, సరిగా తగులుకోవాలి. ఒకే కైనెటోకోర్‌కి రెండు ధ్రువాల నుంచీ పోగులు పట్టుకుంటే దాన్ని మెరోటెలిక్ అంటారు. చెక్‌పాయింట్ కంటికి అది తగులుకున్నట్టే లెక్క, అందుకే ఆపదు. అరోరా బి కైనేజ్ తప్పు పోగుల్ని వదిలించకపోతే ఆ క్రోమాటిడ్ అనాఫేజ్‌లో మధ్యలో వెనకబడి, చివరికి చిన్న కేంద్రకంగా మిగులుతుంది. మానవ కణాలకు నోకోడజోల్ (పోగుల్ని తాత్కాలికంగా విప్పే మందు) పెట్టి కడిగేసినప్పుడు ఇవి పెరుగుతాయి. మందు పెట్టని మీ వేర్లలో అనాఫేజ్ కణాలు చూసేటప్పుడు, మధ్యలో ఒంటరిగా నిలిచిన క్రోమాటిడ్‌నీ, రెండు ధ్రువాల మధ్య తాడులా సాగిన వంతెననీ ఒకే గడిలో రాయకండి. వంతెన వచ్చేది ఎక్కువగా క్రోమోజోము విరిగి తప్పుగా అతుక్కున్నప్పుడు.