గుంటూరులో 1992 నాటి ఇల్లు: బయానా ఇచ్చే ముందు ఇంజనీరుతో ఏమేం చూపించాలి?

ప్రశ్న
200 గజాల్లో పాత ఇల్లు. కింద, పైన ఒక్కో పోర్షన్, పిల్లర్లు, బీములు ఉన్నాయి. పైన హాల్లో శ్లాబుకి ఈమధ్యే పుట్టీ కొట్టి రంగు వేశారు. కింద కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట ఉంది. ఇంజనీరుగారు హామర్ టెస్ట్ చేసి రిపోర్ట్ ఇస్తామంటున్నారు. అది చాలుతుందా?

జవాబు 1
చాలదండీ. ఆ టెస్ట్‌లో వాడే రీబౌండ్ హామర్ (కాంక్రీటుకి కొడితే ఎంత వెనక్కి ఎగిరిందో చూపే స్ప్రింగు సుత్తి) చెప్పేది పైపొర గట్టిదనమే. పాత కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని పైన బిగుసుకుంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. అదే మార్పు లోపలి చువ్వలకి తుప్పు పట్టకుండా ఉన్న కాపుదల తీసేస్తుంది. అంకె బాగుందని ధీమా పడకూడదు.

ఆ మార్పు ఎంత లోతుకి వెళ్లిందో చెప్పే కార్బనేషన్ టెస్ట్ కూడా అడగండి. బీముకీ శ్లాబుకీ చిన్న పెచ్చు కొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లుతారు. గులాబీ రంగుకి తిరిగినచోట ఫరవాలేదు. రంగు రాని పొర మందం స్కేలుతో కొలుస్తారు. శ్లాబు కవర్ (చువ్వ మీద కాంక్రీటు మందం) 15 మి.మీ. ఉండి, రంగు రాని పొర 20 మి.మీ. ఉంటే ఆ మార్పు చువ్వని దాటిపోయినట్టే.

నాకు అనుమానమంతా ఆ కొత్త పుట్టీ మీదే. నిచ్చెన వేసి అడుగడుగునా చిన్న సుత్తితో తట్టించండి. డొల్ల శబ్దం వచ్చినచోట అడుగు మేర ప్లాస్టరింగ్ తీయించి, చువ్వని వైర్ బ్రష్‌తో రుద్ది వెర్నియర్‌తో కొలవాలి. 8 మి.మీ. చువ్వ 7కి వచ్చిందంటే ఇనుము 23 శాతం పోయినట్టు. దీనికి యజమాని ఒప్పుకోవాలి కాబట్టి ముందే మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే ఆ శ్లాబు చూడలేదని రిపోర్టులో రాయించి, మరమ్మతు ఖర్చుని ధరలోంచి తగ్గించి బేరమాడండి.

కోర్లు (బలం పరీక్షకి డ్రిల్లుతో తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయిస్తే మూడుకి తగ్గకూడదు. 1992లో ఇళ్లకి మామూలుగా వాడింది 1:2:4 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) ఎం15, అంటే చదరపు మి.మీ.కి 15 న్యూటన్ల బలం ఉన్న కాంక్రీటు. ఆర్‌సీసీకి కనీసం ఎం20 అన్నది ఐఎస్ 456లో (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం) 2000లో వచ్చింది. 15 దగ్గర్లో వస్తే కంగారు పడొద్దు.

జవాబు 2
బీట సంగతి. మీ వైపు నల్లరేగడి ఎక్కువ. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే నేల. పునాది లోతు చాలకపోతే ఇలా కిటికీ మూలల్లో ఏటవాలు బీటలు వస్తాయి. బీట లోపల దుమ్ము, పాత రంగు ఉంటే పాతది. తెల్లగా, పదునుగా ఉంటే కొత్తది, ఇంకా కదులుతూ ఉండొచ్చు. బీట రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ వేయండి, నెల తర్వాత చూడండి. పునాది పక్కన ఒక గొయ్యి తవ్వించి లోతు, కింది మట్టి చూడాలి. గోడ పక్కనే వేప, రావి ఉన్నాయా, వాననీళ్లు పునాదిలోకి ఇంకుతున్నాయా అన్నదీ రాయించండి.

ప్రశ్న వేసినవారు
పై అంతస్తు గోడల్లో శ్లాబు కింద అడ్డంగా సన్న బీట కూడా ఉంది. అదీ పునాదిదేనా?

జవాబు 2
శ్లాబుని అంటుకునే, గోడ పొడవునా ఉంటే సాధారణంగా కాదు. ఎండకి శ్లాబు సాగి గోడని లాగడం వల్ల వస్తుంది. కానీ పిల్లర్ మూల వెంట నిలువు బీట కనిపిస్తే వేరే మాట, అది లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతోందన్న గుర్తు.

జవాబు 3
సన్‌షేడ్లు మరవకండి. వాటి చువ్వలు పైభాగంలో ఉండాలి. పోసేటప్పుడు తొక్కితే కిందికి దిగిపోతాయి. గోడ కలిసేచోట పైన బీట ఉంటే ప్రమాదమే. బాత్రూం నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కట్టి 24 గంటలు నీళ్లు నిలపండి, కింది సీలింగ్ చూడండి. ద్వారబంధాల అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడవండి, చెదలుంటే లోపలికి దిగిపోతుంది. కరెంటు పని విడిగా ఎలక్ట్రీషియన్‌కి అప్పగించి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిపించండి, 1 మెగా ఓమ్‌కి తగ్గితే లోపం ఎక్కడుందో పట్టి సరిచేయించాల్సిందే. మంజూరైన ప్లానులో పై అంతస్తు ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ పిల్లర్లు దేనికి లెక్కకట్టి వేశారో ఇంజనీరు మళ్లీ చూడాలి.