సమస్యాపూరణం: "నూఱు గొట్టి తాత నూఱు దాటె"

పద్యం చివరి పాదాన్ని చిక్కుగా ఇచ్చి, ముందరి మూడు పాదాలు అల్లి దానిని విప్పమనడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది అనే పద్యరీతిలో నాలుగవ పాదం. నూరుమందిని చితకబాదిన ముసలివాడు నిండు నూరేళ్లు ఎలా బతికాడన్నది పైకి కనిపించే చిక్కు. పూరణ మాత్రం క్రికెటర్ దినకర్ బల్వంత్ దేవధర్‌ను స్మరించేదిగా ఉండాలని నియమం పెట్టాము. 1892 జనవరి 14న పుట్టి, 1993 ఆగస్టు 24న 101 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ పెద్దాయన పూణేలో సంస్కృతాచార్యుడు. 1926లో గిలిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. (మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టుపై ఆయన 148 పరుగులు చేశారు. అదే పర్యటనలో సి.కె. నాయుడు కొట్టిన 153ను తెలుగువాళ్లం పదే పదే తలచుకుంటాము గాని, ఈ 148 మనకు అంతగా గుర్తుండదు.

మొదటి పూరణ (విజయవాడ సభ్యురాలు)

పూణె నగరమందు పుట్టిన దేవధర్
పండితుండు దేవభాషయందు
బ్యాటు పట్టి నిలిచి బంతిని బాదుచు
నూఱు గొట్టి తాత నూఱు దాటె

పరిశీలన: అమ్మా, గణాలు (అక్షరాల లెక్క), యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన జత అక్షరాలు) సరిపోయాయి. దేవధర్ పక్కనే దేవభాష రావడం చెవికి ఇంపుగా ఉంది. అయితే వయసు ప్రస్తావన ఎక్కడా లేనందువల్ల, నూరు కొట్టి మరొక్క పరుగు తీసి నూట ఒకటి చేశాడని కూడా చదువుకోవచ్చు. చిక్కు విడలేదు, పక్కకు జరిగింది.

రెండవ పూరణ (హైదరాబాదు సభ్యుడు)

నలువదెనిమిదేండ్ల నాయకుడై నిల్చి
రెండు నూర్లు మించి రెచ్చిపోయి
వయసు మఱచి మఱల వరుసగా నిరుమాఱు
నూఱు గొట్టి తాత నూఱు దాటె

పరిశీలన: ఈ కవిగారికి చరిత్ర బాగా తెలుసు. మహారాష్ట్ర జట్టును 1939-40, 1940-41 సంవత్సరాల్లో వరుసగా రంజీ ట్రోఫీ క్రికెట్ విజేతగా నిలిపిన దేవధర్, నలభై ఎనిమిదేళ్ల వయసులో బొంబాయిపై 246 పరుగులు చేశారు. 1944లో, యాభై రెండేళ్ల వయసులో, నవానగర్ జట్టుపై రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించారు. ఇదంతా నాలుగు పాదాల్లో ఇమిడింది, పైగా మొదటి పాదంలోనే వయసు చెప్పడంతో చివరి 'నూఱు' ఆయుర్దాయమేనని స్పష్టమయింది. కాని 'రెచ్చిపోయి' కేవలం యతి కోసం వచ్చిన మాట. సంస్కృత పాఠం చెప్పే మనిషికి అది నప్పదు. 'రెండు నూర్లు మించి రీవితోడ' అంటే యతీ నిలుస్తుంది, మర్యాదా మిగులుతుంది.

కవి సమాధానం: సవరణ శిరోధార్యం. క్రికెట్ చూస్తూ రాయడం వల్ల ఆ మాట దొర్లింది.

మూడవ పూరణ (రాజమహేంద్రవరం సభ్యుడు)

ముగురు బిడ్డ లాడ మురిపెమ్ముతోఁ జూచి
యింట గెలిచెఁ బిదప నింపు మీఱ;
రచ్చ గెలిచె మున్ను మెచ్చఁగా జనులెల్ల
నూఱు గొట్టి, తాత నూఱు దాటె

పరిశీలన: పై ఇద్దరూ సమస్యను ఒకే వాక్యంగా తీసుకోగా, ఈ కవి 'గొట్టి' దగ్గర విరిచి, నూరు కొట్టడాన్ని మూడవ పాదానికి అప్పగించాడు. రచ్చ, మెచ్చ అన్న ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండవ అక్షరం జత కలిసే యతి) అయత్నంగా పడింది. అన్నిటికన్నా మెచ్చదగినది ఇంటి ప్రస్తావన. దేవధర్ కుమార్తెలు తార, సుందర్, సుమన్ ముగ్గురూ 1940లలో జాతీయ బ్యాడ్మింటన్ విజేతలు. ఆడపిల్లల చేతికి రాకెట్ ఇవ్వడమే అరుదైన ఆ రోజుల్లో ఒకే ఇంటి నుంచి ముగ్గురు పైకి రావడం, నా దృష్టిలో, ఆ 246 కన్నా పెద్ద ముచ్చట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతను తిరగవేసిన చమత్కారం ఆ ముచ్చటను ఎత్తి చూపింది.

విజయవాడ సభ్యురాలి అభ్యంతరం: చమత్కారం బాగున్నది గాని కాలం కుదరలేదండీ. కూతుళ్లు గెలుస్తున్న 1940లలోనే తండ్రి కూడా శతకాలు కొడుతున్నారు కదా. అటువంటప్పుడు 'మున్ను', 'పిదప' ఎలా చెల్లుతాయి?

పరిశీలన: 1926 నాటి 148ను అడ్డుపెట్టుకుని కవిగారు వాదించవచ్చు గాని, అభ్యంతరం న్యాయమైనదే. తండ్రీ కూతుళ్లు ఒకే కాలంలో ఆడుతుండడమే అసలు విశేషమయినప్పుడు, సామెత కోసం దానిని ముందూ వెనుకలుగా చీల్చనక్కరలేదు.

కవి సవరించిన పాఠం:

ముగురు బిడ్డ లాడ మురిపెమ్ముతోఁ జూచి
యింట గెలిచె, నపుడె యింపు మీఱ
రచ్చ గెలుచుచుండె మెచ్చఁగా జనులెల్ల
నూఱు గొట్టి, తాత నూఱు దాటె