బోరింగు కొట్టడం, బోరు కొట్టడం

మర్రిగూడ దిక్కు ఒక బడిలో ఇంగ్లిష్ చెప్తాను. మొన్న ఎనిమిదో తరగతికి ఐదు పదాలిచ్చి సొంత వాక్యాలు రాయమన్నాను. అందులో ఒకటి 'బోరింగ్'. ఒక పిల్లాడు రాసింది తెలుగులో చెప్తే ఇది: 'బోరింగ్ మా ఇంటి ముందు ఉంది. దాని నీళ్లు తాగొద్దు.'

ఎర్రపెన్నుతో కొట్టేయబోయి ఆగాను. మా దగ్గర చేతిపంపుని బోరింగు అనే అంటారు. ఫ్లోరైడ్ ఊళ్లలో పుట్టిన పిల్లాడికి ఆ రెండో వాక్యం కూడా ఇంట్లో రోజూ వినేదే. దీన్ని తప్పు అనాలా?

నిజానికి వాడు పట్టుకున్నది అసలైన నానార్థ పదమే. నేలకు రంధ్రం వేసే 'బోర్' పాత ఇంగ్లిష్ మాట. విసుగు పుట్టించే 'బోర్' 18వ శతాబ్దంలో వచ్చింది, అది ఎక్కడిదో నిఘంటువులు కూడా గట్టిగా చెప్పవు. భరించాడు అనడానికి వాడే 'బోర్' వేరు. హుగ్లీ లాంటి నదుల్లోకి సముద్రపు పోటు గోడలా ఎదురొచ్చే దాన్నీ 'బోర్' అంటారు. నాలుగింటికీ అవే అక్షరాలు, అదే ఉచ్చారణ. మీరైతే పిల్లలకు ఎలా చెప్తారు?

హాలియా నుంచి: సార్, నానార్థాలు మనకూ ఉన్నాయి కదా. 'పాలు' అంటే తాగేవీ, వాటా కూడా. ఒకే పద్యంలో రెండు కథలు నడిపిన ద్వ్యర్థి కావ్యాలు రాసుకున్న జాతి మనది! కాకపోతే మనకు రాసినట్టే పలకడం అలవాటు. వాళ్లకు ఒకేలా వినబడి వేరేగా రాసేవి బోలెడు. రాత్రి 'నైట్', గుర్రమెక్కిన 'నైట్' చూడండి. రెండోదాని ముందున్న 'కె'ని ఒకప్పుడు నిజంగానే పలికేవాళ్లు. నోరు వదిలేసింది, రాత వదల్లేదు. ఈ ముక్క చెప్తే పిల్లలకు స్పెల్లింగ్ టెన్షన్ కొంచెం తగ్గుతుంది.

దేవరకొండ నుంచి: మన నోరు ఇంకో పని చేస్తుందన్నా. వాళ్లకు వేరుగా వినబడేవాటిని ఒకటి చేస్తుంది. పడమర 'వెస్ట్', బనియన్ 'వెస్ట్'. వాళ్లు మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుడతారు, రెండోదానికి పైపళ్లను కిందిపెదవికి ఆనిస్తారు. మనకు రెండూ 'వ'నే. ఇక ఆర్టీసీ బస్సులో కండక్టర్ 'రైట్ రైట్' అంటే ఏ డ్రైవరైనా బండిని కుడికి తిప్పాడా? సందర్భాన్ని బట్టే అర్థం. డిక్టేషన్‌లో ఆ సందర్భమే ఉండదు, ఒంటి మాట ఇచ్చి 'రాయండి' అంటాం. అది మన తప్పు, వాళ్లది కాదు.

అచ్చంపేట నుంచి: 'బోరు'మనడం మాత్రం మనదే. బోరుమని ఏడ్చింది అంటాం కదా, దానికి ఇంగ్లిష్‌తో పనిలేదు. అప్పు చేసి వేసిన బోరు ఫెయిలైతే రైతు బోరుమంటాడు. ఇది చమత్కారానికి అనలేదు, మా ఇంట్లో జరిగింది.

మళ్లీ మర్రిగూడ నుంచి: అందరికీ థాంక్స్. దేవరకొండ అన్న చెప్పింది నాకే తగిలింది. ఇకనుంచి ఒంటి మాటలు ఇవ్వను, వాక్యంలో పెట్టి ఇస్తాను. పిల్లాడికి మార్కు వేశాను. పక్కన 'హ్యాండ్‌పంప్' అని రాసి, మన దగ్గర మాటకు మాట తోడుంటుందని వివరించాను: బోరు వేస్తాం, బోరు పడుతుంది, బోరింగు కొడతాం, పాఠం బోరు కొడుతుంది. అంతా విని వాడు అడిగాడు, 'సార్, బోరింగు మేం కొడతాం. మరి బోరు ఎవరు కొడతారు?'

క్లాసంతా నావైపే చూసింది.