టూ నైట్స్ అనే చెస్ ఓపెనింగ్‌లో డి5 బంటును గుర్రంతో కొడితే ఏమవుతుంది?

నల్లపావులు:
ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ సి4 గుర్రం ఎఫ్6. తెల్ల గుర్రం జి5కి దూకుతుంది, నల్ల డి5 ఆడితే బంటుతో కొడుతుంది. గుర్రంతో తిరిగి కొడితే లెక్క సమానమే కదా, మరి అందరూ గుర్రం ఏ5 ఎందుకంటారు? 15 నిమిషాల రాపిడ్‌లో ఏది నమ్మకం?

బంటుబలం:
కొట్టకండి. తెల్ల గుర్రం ఎఫ్7లో బలి అవుతుంది, రాజు కొట్టగానే క్వీన్ ఎఫ్3 చెక్. అదే ఎత్తు డి5 గుర్రం మీదకూ వస్తుంది. రాజు జి8కి వెళ్తే బిషప్ డి5లో చెక్ ఇచ్చి మేట్ దాకా లాక్కెళ్తుంది. గుర్రం దక్కాలంటే రాజు ఇ6కి రావాల్సిందే. అప్పుడు గుర్రం సి3, డి5 మీద మూడో దాడి. పిన్‌లో (కదిలితే వెనకున్న రాజుకు చెక్ పడేలా) ఉన్న గుర్రాన్ని కాస్తూ రాజును నడిబోర్డులో నిలబెట్టడం రాపిడ్ గడియారంతో అయ్యే పని కాదు. ఎఫ్7 కొట్టకుండా ముందు డి4 ఆడినా నల్లకు కష్టమే.

ఏనుగుబాట:
గుర్రం ఏ5 అసలు పని సి4 బిషప్‌ను తరమడం. బిషప్ బి5 చెక్, సి6, బంటు కొడితే బి బంటుతో కొట్టండి. బిషప్ ఇ2కి తగ్గితే హెచ్6, గుర్రం ఎఫ్3, ఇ4, గుర్రం ఇ5, బిషప్ డి6. ఒక బంటు పోయినా తెల్ల క్వీన్ వైపు పావులు ఇంకా ఇంట్లోనే ఉంటాయి. క్వీన్లు మాత్రం మార్చుకోవద్దు, దాడి పోయి బంటు లోటు ఒక్కటే మిగులుతుంది. ఏ5 గుర్రాన్ని మరిచిపోకండి, వీలవగానే బి7 మీదుగా తిరిగి తెచ్చుకోవాలి.

నల్లపావులు:
బిషప్ ఇ2 బదులు డి3కి వస్తే?

ఏనుగుబాట:
ఇప్పుడు ఎక్కువగా ఆడేది అదే. హెచ్6 తొందర వద్దు, బిషప్ అండతో గుర్రం ఇ4లో హాయిగా కూర్చుంటుంది. గుర్రం డి5 ఆడండి. క్వీన్ దారి తెరుచుకుని జి5 గుర్రం దాడిలో పడుతుంది. అది ఎఫ్3కి పోతే బిషప్ డి6, తెల్ల క్యాజిల్ చేస్తే (రాజును ఏనుగు వైపు దాచుకుంటే) గుర్రం ఎఫ్4. అదే తెల్ల బి5 బిషప్‌ను కదపకుండా క్వీన్ ఎఫ్3 ఆడితే ఏనుగు బి8.

పాతఆటలు:
బిషప్ ఇ2, హెచ్6 తర్వాత గుర్రం హెచ్3కి పోవడమూ ఉంది. రష్యా ఆటగాడు చిగోరిన్‌తో తంతి ద్వారా ఆడిన ఆటలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్టైనిట్జ్ ఓడిన లైన్ అది. 1963లో అమెరికాలోని పొకీప్సీలో గ్రాండ్‌మాస్టర్ బిస్‌గయర్ మీద బాబీ ఫిషర్ దాన్నే ఆడి గెలిచాడు. హెచ్3లో గుర్రాన్ని కొట్టి తెల్ల బంట్లు చెడగొట్టాలనిపిస్తుంది కానీ, జంట బిషప్‌లు తెల్ల చేతికొస్తాయి.

బంటుబలం:
ఇంత థియరీ వద్దనుకుంటే మూడో ఎత్తుకే గుర్రం ఎఫ్6 బదులు బిషప్ సి5 ఆడండి. ఎఫ్6 ఖాళీ కాబట్టి గుర్రం జి5కి వస్తే క్వీన్ ఉత్తినే కొట్టేస్తుంది. తెల్ల సి3, డి4కి మాత్రం సిద్ధంగా ఉండాలి.