ఖాళీ లారీలో హోరు: హౌసింగ్ విప్పించాలా, షాఫ్ట్ చూడాలా?

కొబ్బరి లోడు:
అందరికీ నమస్కారమండి. మాది రావులపాలెం. 2005 మోడల్ ఆరు టైర్ల లారీ, అయిదు గేర్లది. ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే. అంబాజీపేటలో కొబ్బరికాయ ఎక్కించుకుని విజయవాడ వెళ్తాను, చాలాసార్లు ఖాళీగానే తిరిగొస్తాను. నెలన్నర నుంచి ఒక శబ్దం ప్రాణం తోడేస్తోంది. నలభై దాటగానే వెనక నుంచి గూఁ... గూఁ అని హోరు. ఖాళీ డ్రమ్ములో మూతి పెట్టి ఊదినట్టు ఉంటుంది. నలభై అయిదు దగ్గర సీటు కింద రేకు కూడా వణుకుతుంది. యాభై అయిదు దాటితే తగ్గుతుంది. సిద్ధాంతం వంతెన మీద ఆ మోత పిట్టగోడకు కొట్టి తిరిగొస్తుంటే బైకు మీద పోయేవాళ్లు తల తిప్పి చూస్తున్నారు.

విచిత్రమేమిటంటే లోడు మీద ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఉండదు. దింపేసి బయల్దేరితే మళ్లీ మొదలు.

మా మేస్త్రి ఒక రౌండు తిప్పి చూసి "క్రౌన్ పినియన్ అయిపోయింది, హౌసింగ్ విప్పాలి" అన్నాడు. హౌసింగ్ అంటే వెనక ఇరుసు మధ్య గుండు. దాంట్లో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్. సెట్టు, బేరింగులు, కూలీ కలిపి 38,000 చెప్పాడు. ఇంకో మేస్త్రి, గేర్ బాక్స్ నుంచి హౌసింగ్ దాకా వెళ్లే షాఫ్ట్‌ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ అంటున్నాడు. ఎవరి మాట వినాలో చెప్పండి.

పినియన్ మామ:
మొదటి మేస్త్రి మాట విను తమ్ముడూ. ముప్పై ఏళ్లుగా హౌసింగులు కడుతున్నాను. ఈ వయసు బండి వెనక నుంచి ఊళ వేస్తే అది క్రౌనే. ఆలస్యం చేస్తే ఏదో ఒకరోజు పన్ను విరిగి రోడ్డు మీద కూర్చోబెడుతుంది. అప్పుడు 38,000తో పోదు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో, మార్చితే రెండూ సెట్టుగా మార్చు. క్రౌన్, పినియన్ జతగా అరగదీసి కలిపినవి. పినియన్ ఒక్కటే కొత్తది వేసేవాడు నీకు మేస్త్రి కాదు, శత్రువు.

ఆటోనగర్ కుర్రాడు:
మామా, మీ అనుభవానికి దండం. కానీ ఆయన చెప్పింది ఇంకోసారి చదవండి. లోడు మీద శబ్దం లేదంటున్నాడు. క్రౌన్ పళ్లు అరిగితే లోడు పడ్డాక ఇంకా గట్టిగా ఏడవాలి కదా? లాగేటప్పుడు ఒక రకంగా, యాక్సిలేటర్ వదిలితే ఇంకో రకంగా మారాలి కూడా.

అన్నా, మూడు ప్రశ్నలు. యాక్సిలేటర్ వదిలితే శబ్దం మారుతోందా? నలభై అయిదు దగ్గరే నాలుగో గేర్లో వేస్తే ఉందా? నెలన్నర క్రితం బండికి ఏం పని చేయించారు?

కొబ్బరి లోడు:
వదిలినా అంతే, కాస్త మెత్తబడుతుంది గానీ పోదు. నాలుగో గేర్లోనూ అదే స్పీడుకి అదే హోరు. పని అంటే... క్లచ్ ప్లేటు మార్పించాను. అదే వారంలో బండి బరువు మోసే వెనక కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు కొత్తవి వేయించాను.

ఆటోనగర్ కుర్రాడు:
అదిగో! క్లచ్ పనికి గేర్ బాక్స్ దించాలంటే షాఫ్ట్ విప్పాలి. గేరు మారినా శబ్దం మారలేదంటే ఇంజనూ కాదు, గేర్ బాక్సూ కాదు. బండి స్పీడుతో పాటు తిరిగేదే ఏదో ఉంది. నా డౌటు షాఫ్ట్ మీదే.

పినియన్ మామ:
అంత తొందరెందుకు? లోడు మీద శబ్దం తగ్గడం సాక్ష్యమేమీ కాదు. పినియన్ బేరింగ్ లూజైతే పినియన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. లోడు పడి గట్టిగా లాగేటప్పుడు ఒక పక్కకి నొక్కుకుని కుదురుగా ఉంటుంది, ఖాళీలో మళ్లీ గోల. ఇలాంటివి నా చేత్తో ఎన్ని కట్టానో. పైగా తొట్టి నిండా కాయలుంటే సగం మోత అవే మింగేస్తాయి. ఖాళీ తొట్టి మద్దెల లాంటిది.

డీజిల్ బావ:
మామ చెప్పిందాంట్లో న్యాయం ఉంది. అయినా 38,000 పెట్టే ముందు ఆయిల్ మార్చి చూడొచ్చుగా? నైంటీ నంబరు ఆయిల్ తీసేసి ఇంకా చిక్కటి వన్ ఫార్టీ పోస్తే సగం శబ్దాలు చస్తాయి.

పినియన్ మామ:
శబ్దం చస్తుంది, రోగం చావదు. వెనకటికి బండి అమ్మేటప్పుడు హౌసింగ్‌లో రంపపు పొట్టు పోసేవాళ్లని చెప్పుకునేవారు. నీ సలహా దాని తమ్ముడు.

మిషిగన్ తెలుగోడు:
ఇక్కడ ట్రక్కు యాక్సిల్స్ మీద పని చేస్తుంటాను. చెవికి బదులు లెక్క పెట్టి చూద్దామా? 10.00-20 టైరు అయితే ఒక చుట్టుకి సుమారు 3.2 మీటర్లు నడుస్తుంది. గంటకు 45 కిలోమీటర్లంటే సెకనుకు 12.5 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 3.9 చుట్లు. ఇక హౌసింగ్ రేషియో కావాలి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో. ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, రెండో వైపు టైరుకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, న్యూట్రల్లో చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్క గుర్తుతో లెక్కపెట్టండి. తర్వాత ఖాళీ బండిలో 45 దగ్గర ఫోన్లో శబ్దం రికార్డు చేసి పంపండి.

కొబ్బరి లోడు:
మా అబ్బాయి సుద్దముక్కతో గీత గీశాడు. మూడు చుట్లు తిరిగి గీత కొంచెం దాటింది. రికార్డింగ్ పెట్టాను.

డీజిల్ బావ:
మూడేంటి? లారీకి మూడు రేషియో ఎక్కడైనా ఉంటుందా? సరిగ్గా లెక్కపెట్టండి.

పినియన్ మామ:
లెక్క సరిగ్గానే ఉంది బావా. ఒక చక్రమే లేపాడు కదా, రెండోది నేల మీద కదలకుండా ఉంది. అలాంటప్పుడు క్రౌన్ సగం చుట్టే తిరుగుతుంది. రెట్టింపు చెయ్యి, ఆరు దాటుతుంది. క్రౌన్‌కి 37 పళ్లు, పినియన్‌కి 6. ఆ హౌసింగ్ నాకు తెలుసు.

మిషిగన్ తెలుగోడు:
థాంక్స్ మామగారూ, కావలసింది అదే. 37 బై 6 అంటే 6.17. షాఫ్ట్ సెకనుకు 24 చుట్లు. క్రౌన్ పళ్లు సెకనుకు సుమారు 144 సార్లు తగులుకుంటాయి. క్రౌన్ ఏడుపైతే రికార్డింగ్ గ్రాఫ్‌లో 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు) దగ్గర గీత లేవాలి. అక్కడ చిన్న బొడిపె ఉంది, అంతే. పెద్ద గీత 48 దగ్గర లేచింది. అంటే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు కుదుపు. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే చుట్టుకి ఒకటే కుదుపు రావాలి. రెండు వస్తున్నాయంటే ముందు క్రాసుల దగ్గర, అంటే షాఫ్ట్ కొసల్లో వంపు తీసుకుని తిరిగే కీళ్ల దగ్గర చూడాలి.

క్రాస్ వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు స్పీడు ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ తేడాని రెండో క్రాస్ రద్దు చెయ్యాలంటే షాఫ్ట్ రెండు కొసల్లో క్రాసుని పట్టుకునే యోకులూ ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ ముక్కలు పళ్లతో ఒకదాంట్లో ఒకటి దిగే స్ప్లైన్ దగ్గర విడదీసి, బిగించేటప్పుడు ఒకటి రెండు పళ్లు పక్కకి దిగితే వరస తప్పుతుంది. ఖాళీలో ఛాసిస్ పైకి లేచి ఉంటుంది కాబట్టి షాఫ్ట్ వంపు ఎక్కువ, కుదుపూ ఎక్కువ. కొత్త పట్టీలు ఇంకాస్త లేపి ఉంటాయి. లోడు పడితే వంపు తగ్గుతుంది, హోరూ తగ్గుతుంది.

పినియన్ మామ:
ఫోన్ చెబితే హౌసింగ్ ఒప్పుకుంటుందా బాబూ? ఆ 144 దగ్గర బొడిపె సంగతేంటి మరి?

ఆటోనగర్ కుర్రాడు:
విప్పకుండా ఇంకో పరీక్ష ఉంది. నాలుగు చక్రాలకీ దిమ్మలు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, హౌసింగ్ నుంచి చక్రాలకి వెళ్లే యాక్సిల్ షాఫ్టులు రెండు వైపులా బయటికి లాగెయ్యండి. ఆయిల్ కారకుండా గుడ్డలు కుక్కండి. బండి బరువు చక్రాల్లోని హబ్ బేరింగుల మీదే ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు. ఇప్పుడు అయిదో గేర్లో క్లచ్ మెల్లగా వదిలి 1450 ఆర్‌పీఎం పెడితే, బండి కదలకుండానే లోపల నలభై అయిదు స్పీడు. హోరు వస్తే హబ్ బేరింగుల తప్పు లేదు. ఛాసిస్‌కి జాకీ పెట్టి చక్రాలు గాల్లోకి లేపి మాత్రం తిప్పొద్దు. హౌసింగ్ కిందికి వేలాడితే షాఫ్ట్ వంపు ఇంకా పెరిగి లేని శబ్దాలన్నీ వస్తాయి.

షాఫ్ట్ తిరుగుతుండగా ఎవరూ కిందికి దూరొద్దు. లుంగీ కట్టుకుని అసలే వద్దు.

కొబ్బరి లోడు:
నిన్న సాయంత్రం చేశామండి. బండి కదల్లేదు, హోరు మాత్రం అచ్చం రోడ్డు మీద వచ్చినట్టే వచ్చింది. ఇంజన్ ఆపేసి, షాఫ్ట్ స్ప్లైన్ దగ్గర బురదా గ్రీజూ డీజిల్‌తో కడిగి వైర్ బ్రష్ కొట్టాను. పెయింటు కింద రెండు బాణం గుర్తులు బయటపడ్డాయి. ఎదురెదురుగా ఉండాల్సినవి రెండు పళ్లు పక్కకి ఉన్నాయి. క్లచ్ మార్చినాయన చూసుకోలేదు. నేనూ పక్కనే టీ తాగుతూ నిలబడ్డానులెండి.

విప్పి సరిగ్గా దింపాను. సెంటర్ బేరింగ్ రబ్బరు ఒక వైపు చీలి ఉంటే అదీ మార్చాను. మొత్తం నాలుగు వేలు కాలేదు. ఇవాళ తణుకు దాకా ఖాళీగా వెళ్లొచ్చాను. గూఁ అనే హోరు పోయింది, సీటు కింద రేకు వణకట్లేదు. కానీ అది పోయాక సన్నగా ఇంకో ఈల వినిపిస్తోంది. యాక్సిలేటర్ వదిలినప్పుడే.

పినియన్ మామ:
చెప్పానా! పెద్ద మోత కింద నా పినియన్ నక్కి కూర్చుంది. వదిలినప్పుడు ఈల వేస్తే పినియన్ నట్టూ బేరింగులూ చూడాలి.

ఆటోనగర్ కుర్రాడు:
మామా, ఈలకి 38,000 పెట్టించకండి. ముందు ఆయిల్ దించి చూడమనండి.

పినియన్ మామ:
దానికి నేనూ ఒప్పుకుంటా. డ్రెయిన్ నట్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద ఉంటుంది. వేళ్ల మధ్య రుద్ది చూడు తమ్ముడూ. వెన్నలా జారితే మామూలు అరుగుదలే, కొత్త ఆయిల్ పోసి తిప్పుకో. ఇసుకలా తగిలితే నా దగ్గరికి రా.

కొబ్బరి లోడు:
ఇప్పుడే దించి చూశానండి. వెన్నలానే జారింది. మధ్యలో ఒక్కటి మాత్రం గోటి చివరంత రేకుముక్క తగిలింది. కాగితం మీద పెట్టి ఫోటో పెడుతున్నా, మామా చూడండి.