కొత్తగా సైకిల్ తొక్కేవాళ్లు ఏం కొనాలో ఎవరిని అడగాలి?

కొత్త_చక్రం
అందరికీ నమస్కారం. చదువుకునే రోజుల తర్వాత సైకిల్ ముట్టుకోలేదు, నెల రోజులుగా మళ్లీ తొక్కుతున్నాను. అన్నయ్య వాడకుండా పక్కన పెట్టిన గేర్ల సైకిల్ ఇది. రోజూ పది పన్నెండు కిలోమీటర్లు అవుతోంది, హాయిగా ఉంది. ఇప్పుడు హెల్మెట్, లైటు, టైర్లు కొనాలి. కుదిరితే ఆరు నెలల్లో సైకిలే మార్చాలి. అడిగిన ప్రతి ఒక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. సన్న టైర్లే వేయమని ఒకరు, అవి వేస్తే నడుం పోతుందని ఇంకొకరు. వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏదీ తేలడం లేదు. మొదట్లో మీరు ఎవరి మాట విని కొన్నారు? ఎవరి సలహా నిజంగా పనికొచ్చింది?

గాలిపంపు
పనికిరాని సలహాతో మొదలుపెడతాను, దానివల్లే ఎక్కువ నేర్చుకున్నాను. మొదటి సైకిల్ కొన్నప్పుడు షాపులో నా ఎత్తుకు ఒక సైజు పెద్దదే మిగిలింది. "సీటు కిందికి దించుకుంటే సరిపోతుంది" అన్నారు, నమ్మాను. సీటు దిగింది కానీ హ్యాండిల్ దగ్గరికి రాదు కదా. మూడు నెలలు మెడ, భుజాలు పీకేశాయి. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు పట్టి ఉంచే ముక్క) వేయిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి సైకిలే మార్చాను.

రెండోసారి వేరే షాపుకు వెళ్లాను. ఏ మోడల్ కావాలని వాళ్లు అడగలేదు. రోజూ ఎంత దూరం, దారి ఎలా ఉంటుంది, వెనక సామాను కడతారా, నడుం నొప్పి గానీ మోకాలి నొప్పి గానీ ఉందా అని అడిగారు. ఇరవై నిమిషాలు తొక్కి చూసి రమ్మని పంపారు. అప్పటినుంచి మనం నోరు తెరిచేలోపే మనల్ని నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ల మాటే వింటున్నాను.

ఫ్రేమ్ మీద రాసే మీడియం, లార్జ్ కంపెనీ కంపెనీకీ మారతాయి, వాటిని పోల్చి లాభం లేదు. చాలా కంపెనీలు జామెట్రీ పట్టిక, అంటే ఫ్రేమ్ కొలతల పట్టిక ఇస్తాయి. అందులో స్టాక్, రీచ్ అని రెండు అంకెలుంటాయి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) మధ్య నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైఅంచు దాకా నిలువుగా కొలిస్తే స్టాక్, అడ్డంగా కొలిస్తే రీచ్. ఒళ్లు నొప్పి లేకుండా తొక్కిన సైకిల్ ఏదైనా ఉంటే దాని అంకెలు రాసి పెట్టుకోండి. తర్వాత ఏ సైకిల్ చూసినా ఆ అంకెలతో పోల్చుకోవచ్చు.

దూరభారం
నేను బ్రెవేలు తొక్కుతాను. ప్యారిస్ ఆడాక్స్ క్లబ్ నిబంధనలతో చాలా దేశాల్లో జరిగే దూరపు రైడ్లు ఇవి. 200 కిలోమీటర్లకు 13న్నర గంటల గడువు ఉంటుంది. పోటీ కాదు, గడువులోపల వస్తే చాలు. అందుకే అన్ని వయసులవాళ్లూ, అన్ని రకాల సైకిళ్లూ కనిపిస్తాయి. మీరు తొక్కకపోయినా బయల్దేరే చోటికి అరగంట ముందు వెళ్లి నిలబడండి. గంటల తరబడి సీటు మీద కూర్చునేవాళ్లు ఏం వాడుతున్నారో కళ్లారా చూడొచ్చు.

ఒక్క మాట. "ఏది మంచిది" అని అడగకండి. ఎవరైనా తాము కొన్నదే మంచిదంటారు, అది మనిషి నైజం. "మొదటి ఏడాది కొని తర్వాత తీసేసింది ఏమిటి" అని అడగండి. నన్ను అడిగితే వీపు బ్యాగు, 25 మిల్లీమీటర్ల టైర్లు. బ్యాగు బరువు వీపు మీద నుంచి సైకిల్ మీదికి మారాక నడుం నొప్పి పోయింది. టైర్లు 32కి మార్చాక గతుకుల దారిలో చేతులు తిమ్మిరెక్కడం ఆగింది.

రెంచి
దూరభారం అన్న చెప్పిన ప్రశ్న బాగుంది. నేను టైర్ల సంగతి చెబుతాను, కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

టైర్ల విషయంలో ముందు ఎవరినీ అడగాల్సిన పని లేదు, టైరునే అడగండి. పక్కగోడ మీద అంకె, గీత, మూడంకెల సంఖ్య ఉంటాయి. ఈటీఆర్‌టీవో కొలత అంటారు. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఈ రెండో అంకె కలవకపోతే టైరు ఎక్కదు, ఎవరెంత చెప్పినా సరే. అంగుళాల లెక్క నమ్మితే మోసపోతాం. 26 అంగుళాలు అని రాసిన మౌంటెన్ బైక్ టైరు 559, అదే 26 అంగుళాల పేరుతో పాత రకం సైకిళ్లకు వచ్చే టైరు 590. మరోపక్క 700సి, 29 అంగుళాలు అని వేరు వేరు పేర్లున్నా రెండింటికీ 622 రిమ్మే.

ఇవన్నీ నేను నేర్చుకున్నది షెల్డన్ బ్రౌన్ రాసిన పేజీల్లో. ఆయన అమెరికాలో సైకిల్ మెకానిక్, 2008లో పోయారు. ఆయన సైట్ ఇప్పటికీ అందుబాటులో ఉంది. టైరు కొలతల పట్టిక, విడిభాగాల పేర్లకు అర్థాలు, అన్నీ ఓపికగా రాసి పెట్టారు. అంత నిజాయితీగా, ఏమీ దాచుకోకుండా చెప్పినవాళ్లు అరుదు. గేర్లు, బ్రేకుల విషయంలో ఏ భాగానికి ఏది సరిపోతుందో వాటిని తయారుచేసే షిమానో కంపెనీ వాళ్ల డీలర్ మాన్యువళ్లలో ఉంటుంది, ఉచితంగానే చూడొచ్చు.

గాలిపంపు
వీడియోల గురించి కూడా చెప్పాలి. అవి దండగ అని నా అభిప్రాయం. సగానికి సగం ఎవరో పంపిన వస్తువును పొగడటమే.

రెంచి
కొనమని చెప్పే వీడియోల సంగతైతే ఒప్పుకుంటాను, బాగు చేయడం నేర్పేవి వేరు. పార్క్ టూల్ పనిముట్లు తయారుచేసే కంపెనీయే, అయినా వాళ్ల రిపేరు వీడియోలు చూసే నేను పంక్చర్ వేయడం, గేర్లు సరిచేయడం నేర్చుకున్నాను. చైను మార్చడం వస్తే ఏ చైను కొనాలో దానంతటదే తెలుస్తుంది.

ఉదయపు_రైడ్
సీటు గురించి ఎవరూ రాయలేదు, నాకు రెండేళ్ల బాధ అది. మా గుంపులో అందరూ మగవాళ్లే, ఒక సన్నటి సీటు పేరు చెప్పారు. కొన్నాను, గంట కూడా కూర్చోలేకపోయాను. "అలవాటవుతుంది" అన్నారు. అలవాటు కాలేదు. తర్వాత మెత్తటి జెల్ కవర్ వేశాను, అప్పుడు ఇంకా ఎక్కువ నొప్పి. మరీ మెత్తగా ఉంటే ఎముకలు లోపలికి దిగిపోయి బరువంతా నడిమధ్య పడుతుందని తర్వాత తెలిసింది.

వేరే గుంపులో ఒక అక్క చెప్పింది, ముందు కొలుచుకోమని. గట్టి అట్ట ముక్క, పెట్టెలకు వాడే ముడతల అట్ట, చదునైన బల్ల మీద పెట్టి దాని మీద కూర్చుని కొంచెం ముందుకు వంగాలి. కూర్చునే ఎముకల దగ్గర రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికంటే కాస్త వెడల్పైన సీటు చూడాలి. నాకు పనిచేసింది. మీ శరీరం లాంటి శరీరం ఉన్నవాళ్లనే అడగండి, ముఖ్యంగా ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కొన్ని చోట్ల సీటు కొన్నాళ్లు వాడి చూసి వెనక్కి ఇవ్వనిస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఇది మొదటి అంచనా మాత్రమే, అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా మార్చుకోవాలి.

నెమ్మది
హెల్మెట్ విషయంలో మాత్రం స్నేహితుల మాట వద్దు. నేను పడ్డాక నా హెల్మెట్ బయటికి బాగానే ఉంది, లోపల ఫోమ్ చిట్లిపోయింది. "ఏం కాలేదు, వాడుకో" అని ఇద్దరు చెప్పారు, నేను మార్చేశాను. దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడకూడదు.

లోపల స్టిక్కరు చూడండి. అమెరికా భద్రతా ప్రమాణం సీపీఎస్‌సీ గానీ, యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 గానీ ఉండాలి. అది ఉంటే కనీస పరీక్ష దాటినట్టు. ఏది ఇంకా మెరుగో తెలియాలంటే అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ ల్యాబ్ 2018 నుంచి సైకిల్ హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలు ఇస్తోంది, జాబితా ఎవరైనా చూడొచ్చు. ఖరీదైనదే ఎక్కువ కాపాడుతుందని లేదు, చవకవి కూడా అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. తలకు సరిగ్గా కూర్చోవడం దానికంటే ముందు చూడాలి. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, తల ఊపితే జారకూడదు.

లైటు కొనేటప్పుడు ల్యూమెన్లు (మొత్తం వెలుగు ఎంతో చెప్పే అంకె) మాత్రమే చూడకండి, వెలుగు ఎక్కడ పడుతోందో చూడండి. జర్మనీ రోడ్డు నిబంధనల ప్రకారం చేసినవి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వెలుగిస్తాయి.

కొత్త_చక్రం
అందరికీ చాలా థ్యాంక్స్. టైరు తుడిచి చూశాను. 37-622, పక్కనే 700×35సి అని ఉంది. రెంచి అన్నా, అంటే రెండో అంకె 622 ఉంటే చాలా? వెడల్పు నా ఇష్టమేనా?

ఉదయపు రైడ్ గారూ, మీరు చెప్పినట్టు చూస్తే నా సీటు బాగా కిందికి ఉంది. రెండు సెంటీమీటర్లు పెంచాను. మోకాలి ముందు భాగంలో వచ్చే నొప్పి ఈ నాలుగు రోజుల్లో చాలా తగ్గింది.

రెంచి
వెడల్పు పూర్తిగా మీ ఇష్టం కాదు. ఫ్రేమ్, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), బ్రేకుల మధ్య ఖాళీ ఎంతుందో కొలవండి, రిమ్ లోపలి వెడల్పుకు కూడా ఒక హద్దు ఉంటుంది. ఇప్పుడున్న 37తో హాయిగా ఉంటే అదే వెడల్పు మళ్లీ వేయించండి.

పాత సైకిల్ కాబట్టి చైను కూడా చూడండి. 12 అంగుళాల స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెడితే, కొత్త చైనులో దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 దగ్గర వస్తుంది. పదహారో వంతు అంగుళం దాటిపోయిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి.

కొత్త_చక్రం
ఇప్పుడే కొలిచాను, పదహారో వంతు కంటే కొంచెం ఎక్కువే ఉంది. అయితే ముందు చైను, హెల్మెట్. సైకిల్ మార్చే సంగతి తర్వాత. ఈ ఆదివారం ఒక గుంపుతో వెళ్తున్నాను, ఏం తీసేశారని అందరినీ అడిగి వచ్చి రాస్తాను.

దూరభారం
తప్పకుండా రాయండి. వెళ్లేముందు మీ ట్యూబ్ వాల్వ్ ఏ రకమో చూసుకోండి. సన్నగా, కొనకు చిన్న నట్టుతో ఉంటే ప్రెస్టా, మోటారు సైకిల్‌కు ఉన్నట్టు లావుగా ఉంటే ష్రేడర్. దానికి సరిపడే పంపు, ఒక స్పేర్ ట్యూబ్ బ్యాగులో పెట్టుకోండి.