అడ్డపడా? అడ్డుపడా?

అరసున్న: ఫ్లూ మీద వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఇరుక్కున్నాను. గజేంద్రమోక్షంలో “భక్తియుతున కడ్డపడ దలంచె” అంటారు, నా చెవిలో మాత్రం “కడ్డుపడ” అనే మోగుతోంది. ఏది పాఠం? ఇంటర్ఫెరాన్ అంటే వైరస్ సోకిన కణం విడుదల చేసే రక్షణ ప్రోటీన్. 1957లో శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్ఫెరాన్‌కి ఆ పేరు పెట్టింది వైరస్‌కి అడ్డం వస్తుందనే. ఆ ఇంటర్ఫెరాన్‌కే అడ్డం వచ్చే వైరస్ ప్రోటీన్లున్నాయి. రెంటికీ ‘అడ్డు’ అంటే చదివేవాళ్లకి తల తిరగదూ?

పాతకాగితం: అడ్డపడ. అడ్డము + పడు. కాపాడ్డానికి మధ్యలోకి రావడం. అడ్డుపడడం వేరు, అది చెరుపు. ఇంటర్ఫెరాన్ అడ్డపడుతుంది, వైరస్ ప్రోటీన్ అడ్డుపడుతుంది. తేలిపోయిందిగా!

గురులఘువు: అంత తేలిగ్గానా మాస్టారూ? ఆటవెలది అది. కడ్డ అన్నా కడ్డు అన్నా హగణమే, యతి ‘పడ’ మీద. ఛందస్సు సాక్ష్యానికి రాదు. పైగా మా ఇంట్లో “సంబంధానికి అడ్డపడ్డాడు” అంటే చెడగొట్టాడనే.

పాతకాగితం: అయితే రెండో పాదంలో ‘లడ్డపడక’ని ‘లడ్డుపడక’ చేసి చదవండి. పోతన తిరుపతి ప్రసాదం గురించి రాయలేదు.

అరసున్న: నన్ను పట్టుకున్నది అక్కడి “వినియు నూరకయుండి”. ఫ్లూ సోకిన కణంలో రిగ్-ఐ అనే కాపలా ప్రోటీన్ వైరస్ ఆర్ఎన్ఏని పసిగడుతుంది. అది గట్టిగా కేక పెట్టాలంటే ట్రిమ్25 అనే ఎంజైమ్ దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ని తగిలించాలి. వైరస్ తాలూకు ఎన్ఎస్1 ప్రోటీన్ పోయి ఆ ట్రిమ్25నే పట్టుకుంటుంది. రిగ్-ఐ వినీ ఊరకుండిపోతుంది.

గురులఘువు: పోలిక కుంటుతోంది. బ్రహ్మాదులు విశ్వమయత లేక ఊరుకున్నారు, ఎవరూ నోరు నొక్కలేదు.

వేపపుల్ల: కోవిడ్ వైరస్ ప్రోటీన్ ఓఆర్ఎఫ్6 చూడండి. ఇంటర్ఫెరాన్ కబురు మోసుకొచ్చే స్టాట్1 ప్రోటీన్ని కేంద్రకం గుమ్మంలోనే ఆపేస్తుంది, జయవిజయులు సనకసనందనాదుల్ని ఆపినట్టు. ఊపిరితిత్తులకి సోకే ఆర్ఎస్‌వీ వైరస్ ఇంకా మొరటు, తన ఎన్ఎస్2 ప్రోటీన్‌తో స్టాట్1 జోడీ అయిన స్టాట్2నే మాయం చేయిస్తుంది.

గురులఘువు: జయవిజయులు ఇంటివాళ్లండీ, ఓఆర్ఎఫ్6 బయటిది.

వేపపుల్ల: అది పట్టుకు వేలాడే గుమ్మం ప్రోటీన్ నప్98 మన కణానిదేగా.

పాతకాగితం: వైకుంఠం దాకా వెళ్లారు, డకారానికి ఉకారం ఉందో లేదో మాత్రం చెప్పరు.

అరసున్న: వ్యాసం రేపివ్వాలి. ఇంటర్ఫెరాన్‌ని ఇంటర్ఫెరాన్ అనే రాసేస్తున్నా.

గురులఘువు: రాయండి. కానీ ఆ పేరు పెట్టుకుని ‘పడఁ దలంచె’లో అరసున్న మింగేశారేమిటి?